నా బెల్టు పట్టుకున్న చేయి

"నాన్న పోయారక్కా."

మా సారు కూతురు కోదాడ నుంచి ఫోన్ చేసేటప్పటికి పొద్దున పదకొండయింది. నేను తిరుమలగిరి దగ్గర ఒక పత్తిచేలో రైతుతో మాట్లాడిస్తూ కెమెరా నడుపుతున్నాను. "టిఫిన్ చేశారు, పేపరు అడిగారు. నేను తెచ్చి ఇచ్చేసరికి లేరు," అంది. ఆ అమ్మాయి ఏడవలేదు. నేనూ ఏడవలేదు. కెమెరా ఆపడం మాత్రం మరిచిపోయాను. తర్వాత చూసుకుంటే అందులో చాలాసేపు నేల, నా చెప్పులు, "ఏమైందమ్మా?" అని అడుగుతున్న రైతు గొంతు ఉన్నాయి.

ఆయన నాకు చుట్టం కాదు. సూర్యాపేటలో ఆయనకు ఫొటో స్టూడియో ఉండేది. అంతకు ముందు, ఫిల్ము రీళ్ళ రోజుల్లో, హైదరాబాదులో సినిమా కెమెరామెన్ల దగ్గర చాలా ఏళ్ళు అసిస్టెంటుగా పనిచేశారు. నేను డిగ్రీ కాగానే పని నేర్పమని వెళ్ళాను. ఆడపిల్లవు, నీకెందుకిది అంటారేమోనని జవాబులు సిద్ధం చేసుకుని మరీ వెళ్ళాను. ఆయన నా భుజాల వంక చూసి, "బరువు మోస్తవా?" అని మాత్రం అడిగారు.

ఎక్కడికి పోయినా ముందు కెమెరా సంచి విప్పనిచ్చేవారు కాదు. ఖాళీ చేతులతో ఆ చోట కాసేపు నిలబడాలి. "ముందుగాల నువ్వు నిలవడు బిడ్డా. కెమెరా ఆ తర్వాత నిలవడతది," అనేవారు. ముహూర్తం దాటిపోతుందని పెళ్ళివారు పరేషాన్ అవుతుంటే, ఆయన పాత నూలు పంచె ముక్కతో లెన్సు తుడుచుకుంటూ మండపమంతా కళ్ళతో తిరిగి వచ్చేవారు.

ఆయన గురించి చెప్పాలంటే మిర్యాలగూడలో మూడు రోజుల గురించి చెప్పాలి. అందులో నా తప్పు కూడా ఉంది.

కొన్నేళ్ళ కిందట హైదరాబాదు నుంచి ఒక కుర్ర దర్శకుడు నిజాం కాలపు కథతో సినిమా తీయడానికి మా వైపు వచ్చాడు. ఇక్కడి ఎండా దుమ్మూ తెలిసిన మనిషి కావాలని సారును కెమెరామన్‌గా పెట్టుకున్నాడు. చేతిలో పట్టుకుని తీసే డిజిటల్ కెమెరా పని నాది. కథకు గుండెకాయ లాంటి ఘట్టం ఒకటి ఉంది. దొర గోదాము గోడను ఊరివాళ్ళు పడగొట్టి ధాన్యం మోసుకుపోతారు. దానికి ఒక పాత రైసు మిల్లు వెనక మట్టి గోదాము దొరికింది. మిల్లు సేటు, "మూడు దినాలు మీవి. నాలుగో దినం జేసీబీ వస్తది. గోడ మీరే కూలగొడితే నాకింకా మంచిదే," అన్నాడు. గోడ ఒక్కటే. కూలడం కూడా ఒక్కసారే.

మొదటి రోజు జనం గోదాము మీదికి వచ్చేది తీశాం. నేను కెమెరా పట్టుకుని గుంపుతో పాటు పరుగెత్తాను. మానిటర్‌లో చూసి దర్శకుడు ఎగిరి గంతేశాడు. సారు రెండుసార్లు చూశారు.

"గీ ధోవతి అంచుకు మిషన్ కుట్టు కనవడ్తుంది. ముసలాయన గడ్డం కింద గమ్ము కనవడ్తుంది. సరే, అవి సవరిద్దాం. కని ఈ ఉరుకుడు సూడు. నిన్న చివ్వెంల రోడ్డు మీద లొల్లయితే ఎవడో ఫోన్ల తీసినట్టుంది. గప్పటి కాలం లెక్క లేదు."

దర్శకుడు తగ్గలేదు. "వాళ్ళకు అది పాత కాలం కాదు కదా సార్, ఆ రోజే కదా. వాళ్ళేం మసక మసగ్గా బతకలేదు."

"మంచి మాటన్నవు," అన్నారు సారు. నిజంగానే అన్నారు. "మసకగ బతకలే. కని వాళ్ళ నడుమ కెమెరా పట్టుకొని ఉరికినోడు కూడ లేకుండె. మరి గీడ ఉరుకుతున్నది ఎవరు?"



రెండో రోజు పొద్దున సారు కెమెరాకు స్టాండు వేయించారు. దర్శకుడు తీసేయించాడు. మళ్ళీ వేయించారు, మళ్ళీ తీసేయించాడు. గోడకు కట్టిన మోకులు పట్టుకుని నలభై మంది ఎండలో నిలబడి ఉన్నారు. కెమెరా మోసి మోసి నా భుజం మంటపుడుతోంది. మధ్యాహ్నానికి ఒక్క షాటూ కాలేదు. సారు నా దగ్గరకొచ్చి, "జర ఆగు బిడ్డా, తొందర పడకు," అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"చేతిల పట్టుకొని తీసుడు ఇగ మీతోని కాదనే స్టాండు అంటున్నరు సార్. అది కాలం మీద పెట్టి చెప్తున్నరు. మీ చేతులు వణుకుతున్నయని చెప్పరాదు?"

అందరూ విన్నారు. మోకులు పట్టుకున్నవాళ్ళు కూడా ఇటు తిరిగారు.

నేను అన్నది అబద్ధం కాదు. ఆరు నెలలుగా ఆయన టీ కప్పు ఎత్తితే సాసరు గలగలమనేది. ఆ సంగతి స్టూడియోలో నాకొక్కదానికే తెలుసు. ఆయన దాచుకుంటున్నారనీ తెలుసు. అందుకే నా మాట అంత లోతుగా దిగింది.

సారు కుడిచేతిని మెల్లగా ప్యాంటు జేబులో పెట్టుకున్నారు.

"వణుకుతది బిడ్డా. నిజమే," అన్నారు. "అయితే మాత్రం నేను చెప్పింది తప్పయితదా?" అని అడిగారు. గట్టిగా కూడా అడగలేదు. పోయి కారులో కూర్చున్నారు. ఆ రోజు ఇంక పని నడవలేదు. మరునాడు ఆయన రారనే అందరం అనుకున్నాం.

మూడో రోజు నేను మిల్లుకు చేరేసరికి గోదాము తలుపు తీసి ఉంది. లోపల, ఖాళీ చేతులతో, బీటలు వారిన ఆ గోడకు ఎదురుగా సారు నిలబడి ఉన్నారు. నాకు తల ఎత్తడం చేతకాలేదు.

"ఇటు రా. చేతిల పట్టుకొనే తీద్దువు గాని. కని నువ్వెవరో చెప్పు."

"అంటే సార్?"

"కెమెరా స్టాండు మీదుంటే అది ఎవరూ కాదు. చేతిలకు తీసుకున్నవంటే నువ్వో మనిషివి. గోడ కూలేటప్పుడు గోదాం లోపట ఎవరుంటరు?"

ఆలోచించాను. "దొర ఇంట్ల వడ్లు చెరిగే ఆడమనిషి ఉంటది సార్."

"ఆమెకు బయట ఏమైతున్నదో ఎరుకనా?"

"చప్పుడు వినవడతది. భయమైతది."

"మరి గోడ దిక్కు ఉరుకుతదా?"

"లేదు సార్. ఎనకకు పోతది."

"గంతే," అన్నారు. "ఏం జరగబోతున్నదో నీకు ముందే తెలిసినట్టు కెమెరా తిప్పకు. జరిగినంక తిప్పు."

తన పెట్టెలోంచి పాత లెన్సు ఒకటి తీసి బిగించారు. మిల్లులోంచి తవుడు తెప్పించి గాలిలోకి చల్లించారు. కప్పు సందుల్లోంచి పడే ఎండలో ఆ దుమ్ము లేచి, మిషన్ కుట్లూ గమ్మూ కనపడకుండా పోయాయి. "గీ డిజిటల్‌కు అన్నీ కనవడ్తయి. అదే దాని రోగం," అన్నారు. దర్శకుడు నవ్వాడు. గొడవ మొదలయ్యాక అతను నవ్వడం అదే మొదలు.

నేను చూడకుండా వెనక్కి నడవాలి కాబట్టి, వెనక నిలబడి ఒకరు నా నడుము బెల్టు పట్టుకోవాలి. సారే పట్టుకున్నారు.

బయట కేకలు మొదలయ్యాయి. మోకులు బిగుసుకున్న చప్పుడు వినిపించింది. గోడ బయటికి పడాలి. సగం అటే పడింది. మిగిలిన సగం ఒక్క క్షణం ఊగి మా మీదికి వాలింది. నా కన్ను కెమెరాలో ఉంది. అది వస్తున్నట్టు తెలుసు, కానీ ఎంత దగ్గరో తెలియలేదు. అప్పుడు నా బెల్టు వెనక్కి లాగారు. ఎంత బలంగా అంటే నా కాళ్ళు నేల మీద జారాయి. మట్టి పెళ్ళలు నా ముందు కూలాయి. ఆ దుమ్ములోంచి వెలుగు, వెలుగులోంచి ఒక్కొక్కరుగా మనుషులు, గంపలతో.

కట్ వినిపించేదాకా ఆయన నన్ను వదలలేదు. నా నడుము దగ్గర ఆయన చేయి వణుకుతూనే ఉంది. ఆ వణుకు నా వెన్నులోంచి భుజంలోకి, భుజంలోంచి కెమెరాలోకి పోయింది. ఒక పెళ్ళ ఆయన భుజానికి తగిలి చొక్కా చిరిగిందని సాయంత్రం దాకా ఎవరికీ తెలియలేదు.

సినిమాలో ఆ షాటు ఎక్కడా కత్తిరించకుండా ఉంచారు. సూర్యాపేటలో ఆయన పక్కనే కూర్చుని చూశాను. గోడ పడుతున్నప్పుడు ముందు వరసలో ఒక ముసలామె పైట నోటికి అడ్డం పెట్టుకుంది. సారు తెర చూడలేదు. ఆమెనే చూశారు.

తర్వాత ఆయన స్టూడియో మూసేసి కోదాడలో కూతురింటికి వెళ్ళిపోయారు. క్షమాపణ చెప్పడానికి నేను పోయింది పోయిన వానాకాలంలో. మాట మొదలుపెట్టగానే ఆయన అడ్డం వచ్చారు. "నువ్వు గట్ల అనకపోతే నేను దవాఖానకు పోకపోదును. ఎవరన్న అనాల్సిందే. నలుగురి ముంగట అన్నవు, గదే జర బాధైంది." అంతే. తర్వాత పచ్చిపులుసు ఇంకొంచెం వేసుకోమని బలవంతపెట్టారు. "మీరు వస్తున్నారని పొద్దున్నించీ మామయ్య నన్ను కుదురుగా ఉండనివ్వలేదండీ," అన్నాడు అల్లుడు నవ్వుతూ.

వద్దన్నా వినకుండా బస్టాండుకు వచ్చారు. నేను ఎక్కి బస్సుకు అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆయన ఇవతలి వైపు కింద నిలబడి, ఎండకు చేయి అడ్డం పెట్టుకుని, ముందు కిటికీ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క కిటికీలోకీ తొంగిచూస్తున్నారు. పిలిచాను. ఇంజను చప్పుడులో వినపడలేదు. బస్సు కదిలింది. ఆయన తొందర పడలేదు. వరసలో తర్వాతి కిటికీ తన ముందుకు వచ్చేదాకా ఆగి, అందులో ఎవరున్నారో చూస్తున్నారు.