చందమామలో శనక్కాయ

వాసంతికి భయం పుట్టుకతోనే వచ్చింది. కుక్కర్ కూత పెడితే ఉలిక్కిపడుతుంది. తార్నాక చౌరస్తాలో రోడ్డు దాటాలంటే పక్కన ఎవరో ఒకరు ఉండాలి. ముక్కూ మొహం తెలియనివాళ్లైనా సరే, చెయ్యి పట్టేసుకుంటుంది. భర్త బాలస్వామి ఆటో నడుపుతాడు. పెళ్లైన కొత్తలో అతని ఆటో ఎక్కి "మెల్లగ, మెల్లగ" అనడం మొదలుపెట్టింది, యాభై దాటినా మానలేదు. "నిన్ను ఎక్కించుకుంటే నా ఆటోకు గూడ జెరం వస్తది" అని అతను ఎక్కిరిస్తాడు.

అలాంటి మనిషిని తీసుకెళ్లి పసిపిల్లల మధ్య పొయ్యి ముందు కూర్చోబెట్టారు. యూనివర్సిటీ క్యాంపస్‌లో పనిచేసేవాళ్లు, చదువుకునేవాళ్లు తమ పిల్లల్ని పగలంతా వదిలి వెళ్లే గది ఒకటి ఉంది. వాసంతి ఉండే మాణికేశ్వర్ నగర్ నుంచి నడిచిపోయేంత దూరం. అక్కడి సుజాత టీచర్‌కు ఒక ఆలోచన వచ్చింది. వారానికి ఒక బొమ్మల పుస్తకం చదవాలి, పుస్తకంలో కనిపించినదాన్ని పిల్లలే చేసుకుని తినాలి. వాన పుస్తకం రోజు మక్కకంకులు ఒలిచారు. ఆవు పుస్తకం రోజు పెరుగు చిలికి వెన్న తీశారు, సగం వెన్న ఒకరి జుట్టుకు ఒకరు పూసుకున్నారు. టీచర్ చదువుతుంది, వాసంతి దగ్గరుండి వండిస్తుంది.

నన్నడిగితే ఆ పనికి భయస్తురాలే సరైన మనిషి. ధైర్యం ఉన్నవాళ్లు పొయ్యి వెలిగించి ఫోన్ చూసుకుంటారు. వాసంతి పిల్లలకూ పొయ్యికీ మధ్య బల్ల అడ్డం పెట్టేది. కత్తిపీట వాళ్లు రాకముందే వాడి, అల్మారాలో పెట్టి తాళం వేసేది. ద్రాక్షపండును కూడా నాలుగు ముక్కలు చేసి గానీ ఇచ్చేది కాదు.

వానాకాలంలో ఒక కొత్త పిల్లవాడు చేరాడు. నాలుగేళ్లు. పేరు సుబ్బరాయుడు, తాత పేరు పెట్టారు. మనిషి కంటే పేరే పెద్దగా ఉండేది. తల్లి పద్మశ్రీ పీహెచ్‌డీ కోసం కడప వైపు నుంచి అప్పుడే వచ్చింది. పిల్లవాడు వాసంతిని చూసి మొదటిరోజే "అవ్వా" అన్నాడు. వాళ్లకు అవ్వంటే నాయనమ్మ. వాసంతి పుట్టిన ఆలేరు పక్క పల్లెలో అవ్వంటే కన్నతల్లి. ఆ పిలుపుతో వాసంతి కరిగిపోయింది.

పద్మశ్రీ ఆమెను పక్కకు పిలిచి చెప్పింది. "అక్కా, మా పిల్లోనికి శనక్కాయలు పడవు. ఒక్కటి తిన్నా మూతి వాస్తాది, గొంతు మూసుకపోతాది. ప్రాణం మీదికొస్తాది. మర్చిపోవద్దు."

మర్చిపోవడమా! వాసంతికి అన్నం సహించలేదు. "శనగలంటనయ్యా. గొంతే మూసుకపోతదంట" అంది బాలస్వామితో. మర్నాటి నుంచి ఆ గదిలో శనగపిండి లేదు, పుట్నాలు లేవు.

తర్వాతి వారం సుజాత టీచర్ చదివిన పుస్తకం చందమామది. చందమామకు గుంటలు ఎవరు పొడిచారు? ఎలుకా, కాకా, వానచినుకా? పేజీ తిప్పేకొద్దీ గుంటలు పెరుగుతాయి. చివరి పేజీలో ఒక పసివేలు. ఆ పుస్తకానికి సర్వపిండి కంటే సరిజోడు ఏముంటుంది? బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిపాయలు, కరివేపాకు కలిపి, చల్లటి గిన్నె అడుగున గుండ్రంగా ఒత్తాలి. వేలితో గుంటలు పొడిచి, గుంటల్లో నూనె పోసి, అప్పుడు పొయ్యి మీద పెట్టాలి. పొడవడం పిల్లల వంతు.

మిగతా పిల్లలకు పప్పు లేని సర్వపిండి రుచించదని టీచర్ అంటే, వాసంతి సుబ్బరాయుడి పిండి వేరే గిన్నెలో ముందే కలిపింది. శనగపప్పు ఒక్క బద్ద కూడా పడకుండా చూసింది. పాపం, పిల్లవాడి వాటా చప్పగా ఉంటుందేమోనని ఇంకో గుప్పెడు పల్లీలు దంచి వేసింది.

వాడు నాలుక బయటపెట్టి మరీ గుంటలు పొడిచాడు. కాలిన చందమామను సగం తిన్నాడు. తర్వాత ఎందుకో తినడం ఆపి, గుప్పిట బిగించి, మూలకు పోయి కూర్చున్నాడు. మెడ గోక్కుంటున్నాడు. వాసంతి దగ్గరికి వెళ్లి గడ్డం పట్టి ముఖం పైకెత్తింది. మెడ నిండా ఎర్రటి దద్దుర్లు. పై పెదవి ఉబ్బుతున్నది.

ఆమె కేకకు గదిలో పిల్లలంతా ఏడుపు అందుకున్నారు. పిల్లల్ని ఇళ్లకు దింపడానికి వచ్చిన బాలస్వామి గేటు దగ్గరే ఉన్నాడు. మిగతా పిల్లల దగ్గర టీచర్ ఉండాలి కదా, పద్మశ్రీకి ఫోన్ కలిపి వాసంతి చేతిలో పెట్టింది. వాసంతి పిల్లవాణ్ని ఎత్తుకుని ఆటోలో పడింది.

"అక్కా, శనక్కాయలు తిన్నాడా?" ఫోన్లో పద్మశ్రీ గొంతు.

"లేదమ్మా! ఒట్టు! ఒక్క పలుకు గూడ తగలనియ్యలే. ఊపిరి ఆడుతలేదమ్మా!"

"అయితే గొంతులో ఏందో ఇరుక్కున్నాది. వీపు మీద తట్టక్కా, గట్టిగా!"

ఒళ్లో బోర్లా వేసుకుని వీపు మీద చరిచింది. ఏమీ రాలేదు. ఊపిరి ఈలలా సన్నగా వస్తున్నది, కళ్లు మూతలు పడుతున్నాయి. "జల్ది పోనియ్యి! జల్ది!" అని అరిచింది వాసంతి. జన్మలో ఆమె నోట వినని మాట విని బాలస్వామి ఆటోను ఉరికించాడు. హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు.

పిల్లవాడి గుప్పిట ఇంకా బిగుసుకునే ఉంది. ఫిట్స్ వస్తున్నాయేమోనని వాసంతి వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. అరచేతిలో నలిగిన సర్వపిండి ముక్క. అందులో నలగకుండా మిగిలిన ఒక బద్ద.

"అవ్వా… అమ్మకు చెప్పాకు" అన్నాడు బొంగురుగా. "శనక్కాయ."

"గిది పల్లి గద బిడ్డా!"

ఫోన్లో పద్మశ్రీ అరిచింది. "పల్లీలేనక్కా శనక్కాయలంటే! మా పక్క వాటినే శనక్కాయలంటాం!"

వాసంతి నిప్పుకు భయపడింది, కత్తికి భయపడింది, ద్రాక్షపండుకు భయపడింది. మాటకు భయపడాలని ఆమెకెవరు చెప్పారు? ఇంకో గుప్పెడు వేసిన తన చేతిని చూసుకుంటే ఆ చెయ్యి నరుక్కోవాలనిపించింది.

తార్నాకలో ఆసుపత్రి తలుపు దగ్గరి నుంచే అరిచింది. "పల్లీలు తిన్నడు సార్! పల్లీలు పడవు! నేనే పెట్టిన!" డాక్టర్ ఇంకేమీ అడగకుండా తొడకు ఇంజెక్షన్ ఇచ్చాడు. వాసంతి గోడకు ఆనుకుని తెలిసిన దేవుళ్లందరినీ పిలిచింది, పక్కింటివాళ్లు మొక్కే ఏసయ్యను కూడా. ఎంతసేపో తెలియదు. లోపల సుబ్బరాయుడు గొంతు చించుకుని ఏడ్చాడు. "ఏడుస్తున్నడంటే ఊపిరి మంచిగ ఆడుతున్నట్టే" అంది నర్సు.

పద్మశ్రీ వచ్చాక వాసంతి ఆమె కాళ్లు పట్టుకోబోయింది. "శనగలనుకున్న తల్లీ." పద్మశ్రీ కాళ్లు వెనక్కి తీసుకుంది. "ఇప్పుడేం మాట్లాడొద్దక్కా" అని లోపలికి వెళ్లిపోయింది.

"నేనింక గాడికి పోను" అంది వాసంతి ఇంటికొచ్చి. బాలస్వామి ఈసారి ఎక్కిరించలేదు. "నువ్వు పోకుంటే భయం లేనోళ్లు వస్తరు. అది మంచిదా?" అన్నాడు. తెల్లవారి ఆమె వెళ్లింది.

ఆ తర్వాత పుస్తకం చదివే రోజు వచ్చింది. వాసంతి ఇంకా పొయ్యి వెలిగించలేదు. పల్లీలు అసలు గదిలోకే రానివ్వలేదు. వండబోయేవన్నీ పళ్లెంలో కొంచెం కొంచెం పోసి, పిల్లల మధ్య పెట్టి, "దీన్ని మీ ఇంట్ల ఏమంటరు?" అని ఒక్కొక్కరినీ అడుగుతున్నది. మక్కలని ఒకరు, మొక్కజొన్న అని ఒకరు కొట్లాడుకుంటున్నారు. తలెత్తితే గుమ్మంలో పద్మశ్రీ, ఆమె చెయ్యి పట్టుకుని సుబ్బరాయుడు.

వాడు వచ్చి పళ్లెం ముందు కూర్చున్నాడు. వాసంతి ఇంట్లో ఉడికించి తెచ్చిన గింజలను వేలితో చూపించింది. "గివేంది బిడ్డా?"

"శనగలు."

వాసంతి పద్మశ్రీ వైపు చూసింది. "అవి తింటాడక్కా. అవంటే వానికి ప్రాణం" అంది పద్మశ్రీ, గుమ్మంలోంచి కదలకుండా.

వాడు ఒక గింజ నోట్లో వేసుకున్నాడు. వాసంతి వాడి పెదవుల వైపే చూస్తున్నది. నమిలాడు, మింగాడు. ఇంకో గింజ తీసి ఆమె నోటి దగ్గర పెట్టాడు.

"నీకు పడతాయా అవ్వా?"

ఆమె నోరు తెరిచింది. గింజ పెట్టి, ఆమె నమిలి మింగేదాకా వాడు ఆమె పెదవుల వైపే చూస్తూ కూర్చున్నాడు.