అమెరికా గ్యాలను

గ్యాలను అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇంగ్లండువాళ్ల గ్యాలను పెద్దదట, అమెరికావాళ్లది చిన్నదట! యూసుఫ్‌గూడలో ఇద్దరమ్మాయిలతో కలిసి గదిలో ఉంటూ, సినిమాల్లో గ్రూపు డ్యాన్సులు చేసుకునేదాన్ని. నాకెందుకు చెప్పండి ఈ తేడాలు?

ఒక నిర్మాత కొత్త హీరోయిన్ కోసం వెతుకుతుంటే కెమెరామన్‌గారు నా పేరు చెప్పారు. ఫిల్మ్ నగర్ స్టూడియోలో మేకప్ టెస్టు పెట్టారు. టెస్టుకి రంగు ఫిల్ము దండగని బ్లాక్ అండ్ వైట్‌లో తీశారు. నవ్వమంటే నవ్వాను. ఏడవమంటే గ్లిజరిన్ లేకుండానే ఏడ్చాను. "బాగా చేశావమ్మా" అన్నారు కెమెరామన్‌గారు. ఆ రాత్రి అన్నం కూడా సహించలేదు, అంత సంబరం.

తీరా తెర మీద చూస్తే నా మొహం బూడిద పూసినట్టుంది. కళ్లలో వెలుగే లేదు. నిర్మాత మధ్యలోనే లేచి వెళ్లిపోయారు.

కెమెరామన్‌గారు ఊరుకోలేదు. నన్ను వెంటబెట్టుకుని ల్యాబుకి వెళ్లి, ఫిల్ము కడిగే ఆయన్ని నిలదీశారు.

"నేనేం జేసిన సార్? ఫిల్ము కడగనీకి మనం ఎప్పుడు వాడే ఇంగ్లండు పొడి దొరకలే. గీ అమెరికా డబ్బా తెచ్చిచ్చిండ్రు. గ్యాలను నీళ్లల్ల కలపాలని రాసుంది, కలిపిన. రోజు కొలిచే బకెట్‌తోనే కొలిచిన."

కెమెరామన్‌గారు తల పట్టుకున్నారు. ఆ బకెట్‌లో గీత ఇంగ్లండు గ్యాలనుది, నాలుగున్నర లీటర్లు. డబ్బా చెప్పింది అమెరికా గ్యాలను, నాలుగు లీటర్లు కూడా ఉండదు. నీళ్లెక్కువై మందు పలచబడింది, నెగటివ్ మీద నా మొహం సరిగా తేలలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. తప్పు నా మొహానిది కాదు!

అట్నుంచి అటే జూబ్లీహిల్స్‌లో నిర్మాతగారింటికి వెళ్లాం. మళ్లీ ఒక్కసారి తీద్దామని కెమెరామన్‌గారు అడిగారు.

"గ్యాలన్ల గొడవ నాకెందుకండీ? మొదటి టెస్టే చీకటైపోయింది. శకునం బాలేదు, ఈ అమ్మాయి మనకి కలిసిరాదు" అని, నా వైపు తిరిగి, "ఏమీ అనుకోకమ్మా" అన్నారు.

అనుకోకుండా ఎలా ఉంటాను? కాళ్లావేళ్లా పడ్డాను. నిమ్మకాయ తొక్కించనిదే కారు కదలనివ్వని మనిషికి బకెట్ లెక్క ఎక్కుతుందా? నేను కలిసిరానన్న మాట ఫిల్మ్ నగరంతా పాకింది. ఏ ఆఫీసుకి వెళ్లినా "నీకు టెస్టు పోయిందటగా?" అనేవారు. ఎందుకు పోయిందో చెప్పబోతే నవ్వేవారు. కొన్నాళ్లకి కెమెరామన్‌గారు కూడా నన్ను చూసి మొహం తిప్పుకోవడం మొదలుపెట్టారు. ఆయనకీ సినిమాలు కావాలి కదా.

నేను వెనక వరుసలోనే ఆడుతూ ఉండిపోయాను. ఒక్క క్లోజప్ కూడా ఎవరూ తియ్యలేదు. అసలు నేను తెర మీద బాగుండేదాన్నా, కాదా? తెలుసుకుందామన్నా ఆ మొహం ఇప్పుడు లేదు.