గార్డు మావయ్య ఉత్తరాలు

కొత్త లాప్‌టాప్ మూత తెరిచినప్పుడు వచ్చే ప్లాస్టిక్ వాసన మొన్న దుకాణంలో మళ్లీ తగిలింది. "ఏ భాషలోనైనా రాసుకోవచ్చు మేడమ్," అన్నాడు అమ్మే మనిషి. తెలుగులో రెండక్షరాలు కొట్టి చూశాను. తెర మీద చక్కగా పడ్డాయి. నా కళ్లు తడవడం చూసి అతను కంగారుపడ్డాడు. ఆ అక్షరాల కోసం ఒక మనిషి బిలాస్‌పూర్‌లో దుకాణాలు పట్టుకు తిరిగాడని అతనికి ఎలా చెప్పను?

సింహాచలం గారు గూడ్సు బండి గార్డుగా రిటైరై బిలాస్‌పూర్‌లోని తార్‌బహార్ పేటలో మా పక్కింట్లో ఉండేవారు. నాకు ఆయన గార్డు మావయ్య. సాలూరు దగ్గర పల్లెలో ఉన్న అక్కగారికి, ఆయన మాటల్లో 'అప్ప'కు, ప్రతి ఆదివారం ఉత్తరం రాయడం ఆయనకు డ్యూటీ లాంటిది. తొంభైల చివర్లో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఆ సంగతి తెలిస్తే ముసలావిడ తట్టుకోలేదని ఆయన భయం. వీధిలో తెలుగు పెద్దవాళ్ల చేత రాయిస్తే అప్ప ఊరిదాకా కబురు పాకుతుంది. ఒళ్లో పెట్టుకునే కంప్యూటర్ అయితే ఎడమచేత్తో మీటలు నొక్కుకోవచ్చు, మిషను రాత చూసి అప్పకు అనుమానమూ రాదు. నేను అప్పట్లో ఊరవతల కోనిలో కంప్యూటర్ కోర్సు చదువుతున్నాను. మంచిది ఎంచి పెట్టమని నన్ను రిక్షా ఎక్కించారు.

దుకాణంలో రెండు లాప్‌టాప్‌లు చూపించారు. మెమరీ అనీ బ్యాటరీ అనీ నాకు తెలిసినదంతా ఒలకబోశాను. ఆయన ఓపిగ్గా విని ఒక్కటే అడిగారు. "అచ్ఛా, తెలుగు వస్తాదా?"

"హిందీ హై అంకుల్, తెలుగు నహీ," అన్నాడు దుకాణదారు. మరో రెండు చోట్లా అదే జవాబు.

"ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టొచ్చు మావయ్యా," అన్నాను.

"కొట్టొచ్చు. అప్ప సదవాల కదమ్మా! ఆ పల్లెలో ఆమెకి ఇంగ్లీసు సదివిపెట్టేవోళ్లు ఎవులున్నారు?"

తిరుగు రిక్షాలో ఉండబట్టలేక "మీరు చెప్పండి, నేను రాస్తాను," అనేశాను. అన్నాక నిజం ఒప్పుకోవలసి వచ్చింది. హిందీ మీడియంలో చదివిన నాకు తెలుగు మాట్లాడటమే వచ్చు.

"ఏటీ, నీ పేరు కూడా రాయలేవా?"

"రాయలేను."

నవ్వుతారనుకున్నాను. "అయితే రేపు పలకట్టుకుని రా," అన్నారు.

వరండాలో కూర్చుని ఎడమచేతి వేలితో ఆయన గాలిలో అక్షరం గీసేవారు, నేను పలక మీద దించేదాన్ని. పంతొమ్మిదేళ్ల పిల్ల పలక పట్టిందని వీధి వీధంతా నవ్వింది. తలకట్టు మరిచిపోతే "టోపీ నేకుండా గార్డు డ్యూటీకెల్తాడేటి?" అనేవారు. అక్కడ అప్ప ఉత్తరం కోసం చూస్తోందని ఇద్దరికీ తెలుసు. అందుకే గుణింతాలు పూర్తి కాకుండానే మొదటి ఉత్తరం రాయించారు. "నేను బాగున్నాను. బద్ధకించి పక్కింటి పిల్ల చేత రాయిస్తన్నాను." ఆ అబద్ధం నా వంకర అక్షరాల్లోనే వెళ్లింది. 'పిల్లని మానొద్దని చెప్పు' అని జవాబొచ్చింది. ఆ వేళ ఆయన నాకు తన చేత్తో, ఎడమచేత్తో, టీ కలిపి ఇచ్చారు.

రెండేళ్లకు ఒక వానాకాలం మావయ్య వెళ్లిపోయారు. ఆ కబురు అప్పకు నేనే రాశాను. ఎవరూ చెప్పకుండా తెలుగులో నేను రాసిన మొదటి ఉత్తరం అదే. 'పోయారు' అన్న మాట దగ్గరికి చేరడానికి నాకు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. చెయ్యి సంగతి కూడా రాసి, దాచినందుకు క్షమించమన్నాను.

'అమ్మా, జొరంలో ఉన్నా నా ఉత్తరం ఇంకొకరి చేత రాయించనోడు వాడు. నీ మొదటి ఉత్తరం చూసిననాడే వాడి చెయ్యికేదో అయిందని తెలిసింది. వాడు చెప్పలేదు, నేనడగలేదు. ఇకనుంచి ఆదివారం నువ్వు రాయి. ఏదైనా రాయి,' అని రాసిందావిడ.

ఆవిడ పోయేదాకా నాలుగేళ్లు రాశాను. ఒక్కసారైనా మొహం చూడలేదు. ఇప్పుడు నాకు తెలుగులో రాయడానికి ఎవరూ లేరు. మా పిల్లలు తెలుగు చదవలేరు. అయినా తొలి వాన పడ్డా, జామచెట్టు పూత పట్టినా, ఆ కబురు ముందు నా మనసులో ఉత్తరంలా మొదలవుతుంది. రెండు మూడు వాక్యాలు నడిచాక గాని, దాన్ని అందుకోవడానికి అప్ప లేదని గుర్తుకు రాదు.