నురగ కింద గుటక

మా ఇంటి ముందు గదే మా ఆయన సెలూను. వెనక గది వంటిల్లు. రెంటికీ మధ్య ఒక ఆకుపచ్చ తెర. ఆ తెరను కొంచెం పక్కకు జరిపితే స్టవ్ దగ్గర నుంచే షాపు అద్దం కనిపిస్తుంది. అద్దంలో కుర్చీలో కూర్చున్న మనిషి గొంతూ, దాని మీద తిరిగే మా ఆయన చెయ్యీ కనిపిస్తాయి. పెళ్ళయిన కొత్తలో ఆ చేతిని చూడటానికే తెర జరిపేదాన్ని. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ఇప్పుడూ జరుపుతూనే ఉన్నాను గానీ, ఇప్పుడు చూసేది భయంతో.

మా ఆయన చెయ్యి వణుకుతోంది.

మొదట షాపులో టీ గ్లాసు దగ్గర బయటపడింది. గ్లాసు సాసర్లో టకటకమంటుంటే వేడిగా ఉందన్నాడు. చల్లారాక కూడా టకటకమంది. తర్వాత చొక్కా గుండీలు. పెట్టబోతే నన్ను విదిలించుకుని, గుండీ రంధ్రాలు చిన్నవిగా కుట్టాడని దర్జీని తిట్టాడు. దర్జీ పదేళ్ళ కిందట కుట్టిన చొక్కా అది. చివరికి పోరగా పోరగా డాక్టరు దగ్గరికి వచ్చాడు. నరాల జబ్బనీ, మందులతో అదుపులో ఉంటుంది గానీ పూర్తిగా పోదనీ డాక్టరు చెప్పాడు. ఏం పని చేస్తారని అడిగితే, చిన్న షాపుందని నీళ్ళు నమిలాడు మా ఆయన. ఏం షాపో నేను చెప్పబోయేసరికి బల్ల కింద నా కాలు తొక్కాడు.

ఆయన సంగతి కాస్త చెప్పాలి. మూతి మీద మీసం రాకముందే చేతిలోకి కత్తి వచ్చిన మనిషి. ఎవరైనా కొత్త రకం కటింగు అడిగితే తల దువ్వి పంపేస్తాడు తప్ప చెయ్యడు. నోటి దురుసు ఎక్కువ, చెయ్యి మాత్రం వెన్న. తన గడ్డం ఇంకొకరి చేత గీయించుకున్నది లేదు. షాపు తీసే ముందు అద్దం ముందు నిలబడి తనే గీసుకుంటాడు. "ఇంకొకడి కత్తి కింద మెడ పెట్టడానికి నాకేం ఖర్మ" అంటాడు. మరి ఊళ్ళో వాళ్ళంతా నీ కత్తి కింద పెడుతున్నారుగా అంటే, అది వేరంటాడు. పనితనానికి ఆయన లెక్క ఒక్కటే. కుర్చీలో మనిషికి నిద్ర పట్టాలి. పట్టిందంటే చెయ్యి బాగున్నట్టు.

ఆ లెక్కన ఆయనకు అందరికంటే ప్రియమైన బేరం కునుకు మామయ్య. ఎవరికి మామయ్యో ఎవరికీ తెలియదు, వీధంతా అలాగే పిలుస్తుంది. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా నిలబడే గడిచింది కాబట్టి ఇప్పుడు కుర్చీ దొరికితే చాలు నిద్రపోతానంటాడు. బ్రష్షు చెంపకు తగిలీ తగలకముందే కళ్ళు మూసేవాడు. గురక వంటింట్లోకి వినిపించేది. కూర మాడకుండా చూసుకోమని గురకే గుర్తు చేస్తుందని నేను నవ్వేదాన్ని.

ఆ మామయ్యకు గుండె ఆపరేషన్ అయింది. అప్పటినుంచి రక్తం పల్చబడే మందు వేసుకుంటున్నాడు. చిన్న గాటు పడినా రక్తం ఒక పట్టాన ఆగదు, కత్తితో గీయించుకోవద్దు, మెషిన్ వాడుకోమని ఆసుపత్రిలో గట్టిగానే చెప్పారట. ఆ మెషిన్ చెవి దగ్గర తేనెటీగలా రొద పెడుతుందనీ, మా ఆయన చేతిలో పడితే గాటు మాటే ఉండదనీ మామయ్య తేల్చేశాడు. ఆపరేషన్ తర్వాత మొదటిసారి వచ్చి ఈ మాట చెప్పినప్పుడు మా ఆయన ఛాతీ అంగుళం పెరిగింది. అప్పటికి చెయ్యి బాగానే ఉంది.

ఇప్పుడు మీకు నా భయం అర్థమై ఉంటుంది. ఒకరి చెయ్యి ఆగదు, ఇంకొకరి రక్తం ఆగదు. ఆ రెండూ వారానికి మూడుసార్లు నా కళ్ళెదుట కలుస్తాయి. మామయ్య వచ్చే రోజు తెల్లవారకముందే నాకు మెలకువ వచ్చేది. పొయ్యి మీద ఏం పెట్టానో మర్చిపోయేదాన్ని. పోలీసులు వచ్చినట్టూ, వీధిలో జనం మూగినట్టూ కళ్ళకు కట్టేది. మెషిన్ కొనండి మహాప్రభో అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. ఆయన దగ్గర సమాధానం సిద్ధంగా ఉండేది.

"మామయ్య నిద్రపోతున్నాడా లేదా? నా చెయ్యి వణికితే ఆ మనిషికి నిద్రెలా పడుతుందే?"

నిజమే, కళ్ళు మూసుకుని కదలకుండా పడి ఉంటాడు. ఈ మధ్య గురక కూడా లేదు. కొత్త మందులు బాగా పనిచేస్తున్నాయి కాబోలు, గురక తగ్గిందనుకున్నాను.

ఆయన మాత్రం లోపల బెదిరే ఉన్నాడని బెలూన్లు తెచ్చిన రోజున తెలిసింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక షట్టర్ సగం దించి, ఒక బెలూన్ ఊది, దానికి సబ్బు నురగ పట్టించి కత్తితో గీయడం మొదలుపెట్టాడు. పని నేర్చుకునే కుర్రవాళ్ళకు మొదట ఇచ్చే పరీక్ష అది. నురగ రావాలి, బెలూన్ పగలకూడదు. వాళ్ళ నాన్న దగ్గర చిన్నప్పుడు చేసిన పని మళ్ళీ అరవై దాటాక చేస్తున్నాడు. నేను అంట్లు తోముతుండగా ఠప్ మంది. చేతిలోని గిన్నె జారి పడింది. అది తీసేలోగా ఇంకో ఠప్. ఒక్కో బెలూన్ పగిలినప్పుడల్లా నాకు మామయ్య గొంతే కనిపించేది. తర్వాత్తర్వాత బెలూన్లు తేవడానికి నన్నే పంపేవాడు. ఎవరి పుట్టినరోజమ్మా అని షాపతను ప్రతిసారీ అడిగేవాడు. మా ఆయనదేనని చెప్పాను. అంతకంటే ఏం చెప్పను?

ఒక రోజు వరసగా పగలగొడుతూ, సరుకు నాసిరకమని బెలూన్లనే తిట్టడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. చేతులు తుడుచుకుని వెళ్ళి, ఇలా ఇవ్వండి, సరుకో మనిషో తేలిపోతుందన్నాను. కోపంలో అన్నానే గానీ కత్తి ఎలా పట్టాలో కూడా నాకు తెలియదు. మొదటి గీతకే ఠప్. నురగంతా నా ముక్కు మీద. ఆయన చాలా రోజుల తర్వాత పగలబడి నవ్వాడు. ఆ నవ్వు కోసం మర్నాడు కూడా కత్తి పట్టాను.

అలా యాభై ఎనిమిదేళ్ళ వయసులో నాకు చదువు మొదలైంది. ఆయన బెలూన్ పట్టుకునేవాడు, నేను గీసేదాన్ని. మణికట్టు బిగించొద్దనేవాడు. కూరగాయలు తరుగుతున్నావా అని అరిచేవాడు. నేను ఏడుపు మొహం పెట్టి, ఈ వయసులో నాకెందుకీ గోల అని కత్తి పడేసేదాన్ని. మళ్ళీ మర్నాడు వెళ్ళేదాన్ని. బెలూన్లు పగలడం తగ్గాక గొంతు పాఠం చెప్పాడు.

"చెంపలు ఎవడైనా గీస్తాడు. గొంతు దగ్గర గుటకను కనిపెట్టుకుని ఉండాలి. మనిషి గుటక వేస్తే గొంతు పైకి లేస్తుంది. అప్పుడు కత్తి కింద ఉందా, తెగిందే. అది దిగేదాకా ఆగాలి."

మరి నిద్రపోయేవాళ్ళ సంగతేమిటని అడిగాను. నిద్రలో గుటకలు వెయ్యరనీ, వేసినా ఎప్పుడో ఒకటనీ, అందుకే నిద్రపోయేవాడికి గీయడం హాయనీ చెప్పాడు. మెలకువగా ఉన్నవాడే మింగుతాడు. భయపడే వాడైతే ఊరికే మింగుతూనే ఉంటాడు. బెలూన్‌కు గుటకెక్కడుందన్నాను నేను. ఆయన బెలూన్ మెడ దగ్గర వేళ్ళతో నొక్కి ఉబ్బించి ఇదిగో అని చూపించబోయాడు. నొక్కనక్కర్లేకుండానే ఆ చేతిలో బెలూన్ గుటకలు వేస్తోంది. ఇద్దరం చూశాం. ఆయన బెలూన్ నా చేతిలో పెట్టి, షట్టర్ ఎత్తడానికి లేచాడు.

ఈలోగా ఆయన గడ్డం పెరిగింది. ఒక పొద్దున అద్దం ముందు దవడ కింద గాటు పెట్టుకుని, ఆ రోజు నుంచి గీసుకోవడం మానేశాడు. ఇదే ఇప్పటి కొత్త ఫ్యాషన్ అని వచ్చినవాళ్ళతో చెప్పాడు. వాళ్ళు నవ్వి ఊరుకున్నారు. ఆ గాటు మీద దూది అద్దుతుంటే నా వేళ్ళకు ఆయన దవడ అదురుతున్నట్టు తెలిసింది. పది రోజులు ఓపిక పట్టి, ఇంక మామయ్యకు మీరు గీయొద్దని చెప్పాను. మొహం గంటు పెట్టుకుని లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడే మామయ్య వచ్చాడు. కుర్చీలో కూర్చుని, తల వెనక్కు వాల్చి, కళ్ళు మూశాడు. మా ఆయన నురగ పట్టించి కత్తి తెరిచాడు. నేను స్టవ్ ఆపేసి తెర జరిపాను. చెంపలు ఎలాగో అయ్యాయి. ఆ చెయ్యి ఒక్కో గీతకూ గాలిలో ఆగి, వణికి, మళ్ళీ దిగుతోంది. ఆయన వేలితో మామయ్య గడ్డం పట్టి తల ఇంకొంచెం పైకెత్తాడు. గొంతంతా తెల్లగా నురగ.

ఆ నురగ కదిలింది. పైకి లేచి దిగింది. నేను రెప్ప వెయ్యకుండా చూస్తున్నాను. మళ్ళీ లేచింది, మళ్ళీ దిగింది. ఆ వెంటనే ఇంకొకటి. కత్తి దగ్గరికి వచ్చినకొద్దీ గుటకలు ఎక్కువవుతున్నాయి.

నిద్రపోవడం లేదు. మామయ్య నిద్రపోవడం లేదు.

ఎప్పుడు తెర దాటానో తెలియదు. ఆయన మణికట్టు పట్టుకున్నాను. పిడికిట్లో పట్టిన పిచ్చుకలా కొట్టుకుంటోంది. ఆయన నన్ను కాల్చేసేలా చూశాడు. నేను మామయ్య వైపు తిరిగాను.

"మామయ్యా, కళ్ళు తెరవండి. మీరు మెలకువగానే ఉన్నారు."

మామయ్య కళ్ళు తెరిచాడు. పట్టుబడిన పిల్లాడి చూపు. ముందు నన్నూ, తర్వాత అద్దంలో మా ఆయననూ చూశాడు. ఎన్నాళ్ళ నుంచని అడిగాడు మా ఆయన. టీ గ్లాసు టకటకలాడిన నాటి నుంచేనని మామయ్య చెప్పాడు. మొదటిసారి కత్తి గొంతు మీద తడబడినప్పుడే పై ప్రాణాలు పైనే పోయాయట. అప్పటినుంచీ కళ్ళు గట్టిగా మూసుకుని, మనసులో పాత రూటు స్టాపులన్నీ వరసగా చెప్పుకుంటూ, చివరి స్టాపు ఎప్పుడొస్తుందా అని కూర్చుంటున్నాడట.

"మరెందుకు వచ్చావు మామయ్యా?"

"రాకపోతే నీకు తెలిసిపోదట్రా?"

మా ఆయన అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు. కత్తి మడవబోతే మడత పడలేదు. నేనే మడిచి అరలో పెట్టాను. నువ్వు నిద్రపోతున్నావు కదా, నా చెయ్యి ఇంకా బాగానే ఉందనుకున్నానని మామయ్యతో అన్నాడు. ఆ ఒక్క నిద్రను పట్టుకునే ఇన్నాళ్ళూ నడిపానన్నాడు. మామయ్య మెడలో తువ్వాలుతోనే లేచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ముగ్గురం ఇన్నాళ్ళూ ఒకే గదిలో ఒకే భయంతో ఉన్నాం, వాళ్ళిద్దరూ దాన్ని ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు, ఏడ్చాను.

కాసేపటికి మా ఆయన మొహం తుడుచుకున్నాడు. "నాకు భయమేస్తోంది మామయ్యా. ఇంక నా వల్ల కాదు" అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఆయన నోట నేను వినలేదు. కత్తి పట్టడం చిన్నప్పుడే నేర్చిన మనిషికి ఆ రెండు ముక్కలు నేర్చుకోవడానికి ఇంతకాలం పట్టింది.

మామయ్యకు సాయంత్రం మెషిన్ తెప్పిస్తానని చెప్పి, గొంతు మీద నురగ తువ్వాలుతో తుడిచాను. రొద భరిస్తాను గానీ ఇంక కళ్ళు మూసుకుని స్టాపులు లెక్కపెట్టలేనని మామయ్య బెంచీ మీదకు మారాడు. కుర్చీ ఖాళీ అయింది. మా ఆయన వెళ్ళి అందులో కూర్చున్నాడు. ఆ కుర్చీలో ఆయన కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. పెరిగిన గడ్డంతో, అద్దంలో ఎవరో కొత్త మనిషిలా ఉన్నాడు.

"కొత్త బ్లేడు వెయ్యి. గుటక చూసుకో" అన్నాడు.

వద్దన్నాను. బెలూన్‌కు ప్రాణం ఉండదన్నాను. అందుకే నా గొంతు ఇస్తున్నానని తల వెనక్కు వాల్చాడు. నురగ పట్టించాను. కత్తి తెరిచాను. చెయ్యి ఆయన నేర్పినట్టే నిలిచింది. చెంపలు అయ్యాయి. గొంతు దగ్గరకు రాగానే నురగ పైకి లేచింది. ఆగాను. దిగింది. ఒక గీత గీశాను. మళ్ళీ లేచింది, మళ్ళీ ఆగాను. కుర్చీ చేతులను పట్టుకున్న ఆయన వేళ్ళు తెల్లబడ్డాయి. భయంగా ఉందా అని మెల్లగా అడిగాను. పని చూడమని కసిరాడు. తర్వాతి గీత అయ్యాక, ఉందన్నాడు. నాకూ ఉందన్నాను.

బెంచీ మీంచి గురక వినిపించింది. మామయ్య గోడకు తల ఆనించి, నోరు తెరిచి, ఒక చెవి మీద నురగతోనే నిద్రపోయాడు. ఎన్ని నెలలైందో ఆ చప్పుడు విని. మా ఆయన పెదవి కొంచెం కదిలింది. కుర్చీ మీద వేళ్ళు వదులయ్యాయి.

నేను తర్వాతి గుటక కోసం ఆగాను. రాలేదు. ఇంకాస్త ఆగాను. అద్దంలో చూస్తే ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాయి, ఛాతీ మెల్లగా లేచి దిగుతోంది, గొంతు మాత్రం కదలడం లేదు. చివరి గీత దింపాను. నేను మాత్రం గుటకలు మింగుతూనే ఉన్నాను.