శ్రీమంతం రోజు మిద్దె మీద నడక

ఆరో నెలలో ఒక సాయంత్రం, ఆరిన బట్టలు తేవడానికి మిద్దె ఎక్కుతూ సగం మెట్ల మీదే కూలబడ్డాను. ఊపిరి అందలేదు. రాచర్లలో మా నాయన గొర్రెల వెంట బీళ్లన్నీ తిరిగి పెరిగినదాన్ని నేను. గిద్దలూరులో అత్తగారింటి మిద్దె ఎక్కలేకపోయానంటే నాకే సిగ్గేసింది.

కారణం వెతకక్కర్లేదు. పెళ్లయిన ఐదేళ్లకు నిలిచిన కడుపు కదా, మా అత్త నన్ను మంచం దిగనివ్వలేదు. బెడ్ రెస్ట్ డాక్టరు చెప్పలేదు, అత్త చెప్పింది. "ఇద్దరి తిండి తినాల అమ్మాయ్" అంటూ నెయ్యన్నం, సున్నుండలు, పడుకోబోయే ముందు చక్కెర పాలు. నేను మాత్రం వద్దన్నానా? సున్నుండలంటే నాకు ప్రాణం.

మార్కాపురంలో డాక్టరు మేడమ్ నా బరువు చూసి, గ్లూకోజ్ నీళ్లు తాగించి రక్తపరీక్ష చేయించారు. "జెస్టేషనల్ డయాబెటిస్, అంటే కడుపుతో ఉన్నప్పుడు వచ్చే షుగర్ వచ్చింది. షుగర్ ఇట్లాగే ఉంటే బిడ్డ మరీ పెద్దదవుతుంది, పుట్టగానే దానికి షుగర్ పడిపోవచ్చు. నీ బీపీ, స్కానింగ్ బాగున్నాయి, నడకకు అడ్డేమీ లేదు. తిన్న ప్రతిసారీ కాసేపు నడువు" అన్నారు. తిరుగు బస్సులో కడుపు మీది నుంచి చెయ్యి తీయలేదు. అంత భయమేసింది.

మర్నాడే మిద్దె మీద నడక మొదలుపెట్టాను. సున్నుండల డబ్బా మా ఆయన దుకాణానికి చేరింది, ఆయన బరువు పెరిగింది. అత్త మాత్రం కింద నుంచి ఒకటే గొడవ.

"ఏందమ్మాయ్ ఆ తిరుగుడు? ఎదురింటోళ్లు చూస్తాండారు. దిష్టి తగుల్తాది. బిడ్డకేమన్నా అయితే?"

"నడవకుంటేనే అవుతాదంట అత్తా" అనేదాన్ని, ఆగకుండా.

తిన్నాక చూసే షుగర్ దిగింది కానీ పరగడుపున చూసే ఫాస్టింగ్ షుగర్ మొండికేసింది. ఇన్సులిన్ రాశారు. ఇంత నడిచీ సూది తప్పలేదా అని ఆసుపత్రిలోనే ఏడ్చేశాను. "ఇది హార్మోన్ల పని, నీ తప్పు కాదు. నడక మానకు" అన్నారు మేడమ్. నేను సూది వేసుకుంటుంటే అత్త మొహం పక్కకు తిప్పుకునేది. ఆ తర్వాత ఆమె దిష్టి మాట ఎత్తలేదు.

శ్రీమంతం వచ్చింది. గాజులు తొడిగి, గంధం రాసి, వచ్చిన ప్రతి ముత్తయిదువా నా నోట్లో తీపి పెట్టాలి. కాదంటే కోపాలు. పెద్దమ్మ వరసావిడ లడ్డు తెచ్చింది. నలుసంత కొరికి గట్టిగానే అన్నాను: "పెద్దమ్మా, నాకు తీపి పెట్టినోళ్లు నాతో మిద్దె మీద ఒక చుట్టు తిరగాల."

అందరూ అత్త వైపు చూశారు. తిడుతుందనుకున్నాను. ఆమె కొంగు దోపి లేచింది. "రాండి, అందరూ లేవండి. కూర్చుంటే ఏమొస్తాది?"

పట్టుచీరలు ఎత్తి పట్టుకుని ఆడవాళ్లంతా నా వెనక నడుస్తుంటే, మంద ముందు నడిచే మా నాయన గుర్తొచ్చి నవ్వు ఆపుకోలేకపోయాను. గర్వంగా కూడా అనిపించింది, దాచుకోవడమెందుకు?

చివరికి బిడ్డ అడ్డంగా ఉండటంతో సిజేరియన్ చేశారు. పాప తగిన బరువే ఉంది. దాని షుగర్ చూసి నార్మల్ అన్నారు. చూడవచ్చిన ఎదురింటావిడ "అంత నడిచీ ఆపరేషనేనా?" అంది. నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది.

"అయితే ఏందమ్మా? బిడ్డ సల్లగా తల్లి పక్కన పండుకోనుండాది. నా కోడలు నడిచి తెచ్చుకున్న బిడ్డ ఇది."

పాపకిప్పుడు రెండేళ్లు. నా షుగర్ మామూలుకొచ్చింది, అయినా ఏటా పరీక్ష చేయించుకుంటున్నాను. కడుపుతో ఉన్న చెల్లెళ్లకు ఒక్కటే చెబుతాను. నడవొచ్చా అని ముందు మీ డాక్టరును అడగండి. సరేనంటే తిన్నాక నడవండి, పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత నెమ్మదిగా. పక్కన ఎవరూ లేరంటారా? మా మిద్దె ఎక్కండి, అత్త అక్కడే నడుస్తూ ఉంటుంది.