నోటికి రాని మాట

స్వర్ణలత గొంతు ఎరగనివాళ్లు మదనపల్లెలో లేరు. ముఖం ఎరిగినవాళ్లే తక్కువ. ఆటో పైన మైకు కట్టుకుని "రండమ్మా రండి, ఆషాఢం చీరలు" అంటూ మదనపల్లె నుంచి కుప్పం దాకా తిరిగే గొంతు ఆమెదే. తంబళ్లపల్లెలో మేకల వెనక కేకలేస్తూ పెరిగిన గొంతు మరి! పెళ్లయి పుంగనూరు వచ్చాక ఆ గొంతుతోనే సగం సంసారం ఈదుతోంది. మిగతా సగం మొగుడు ప్రకాష్ టమోటా లారీ తోలి ఈదుతాడు.

ఎవరు చెప్పారో ఏమో, ఆ గొంతు సంగతి బెంగళూరులో కంప్యూటర్ ఆటలు తయారుచేసే కంపెనీకి తెలిసింది. వాళ్లు కొత్తగా బేస్‌బాల్ ఆట ఒకటి చేస్తున్నారు. మన క్రికెట్‌కు దూరపు చుట్టం లాంటి ఆట అది. బంతిని కొట్టి, నాలుగు మూలలూ తిరిగి, బయలుదేరిన చోటికే రావాలి. అందులో తెలుగు వ్యాఖ్యానం చెప్పే పని స్వర్ణలతకు వచ్చింది.

ఆ పొద్దున మదనపల్లెలో, సుబ్రహ్మణ్యం రికార్డింగ్ గదిలో మైకు ముందు కూర్చుంది. ఎదురుగా ల్యాప్‌టాప్ తెర మీద కంపెనీ కుర్రాడు హరీష్, అతనిది కలికిరి. ఆమె ధ్యాస మాత్రం ఒళ్లోని ఫోను మీదే ఉంది. సేలానికి లోడు వేసుకెళ్లిన ప్రకాష్ నిన్న సాయంత్రమే తిరిగి రావాలి. రాలేదు. ఫోను స్విచ్చాఫ్.

హరీష్ గోల హరీష్‌ది. "ఇది సూడండి మేడమ్. బంతి ఇసిరేవాని పేరు కింద పచ్చ గీత ఉండాది గదా? ఇసిరేకొద్దీ తగ్గతాది. ఎర్రగా అయితే అలిసిపోయినాడని. అయినా ఆడిస్తే బుజం పట్టేస్తాది. గాలి మారితే బంతి దారీ మారతాది. ఓడిపోతాండామంటే ఎనక్కి పోయి మల్లా ఆడుకోవచ్చు!"

స్వర్ణలత ఆ గీతనే చూస్తూ ఉండిపోయింది. మొగుడి పేరు కింద కూడా అలాంటి గీత ఒకటి ఉంటే ఎంత బాగుండును! కునుకు లేకుండా లారీ తోలుతూ కూడా "ఏం గాదులే లతా" అనే మనిషి, అలిసిపోయానని ఒప్పుకుంటాడా?

"కొట్టాడు!" అంది మైకులో. బాగా వచ్చింది. "ఉరుకుతున్నాడు!" అదీ బాగానే వచ్చింది.

"ఇంక ఆటగాడు ఔటయినప్పుడు 'పోయాడు!' అనాల మేడమ్. ఒకసారి కోపంగా, ఒకసారి సంతోషంగా, కడాకు ఏడుపు గొంతుతో."

అమ్మో! మొగుడు బండెక్కుతూ "పోతా" అంటే, "పోయొస్తా అనప్పా" అని గద్దించి మళ్లీ అనిపించే మనిషి ఆమె. ఆ మొగుడు ఎక్కడున్నాడో తెలియని పూట, మైకు పట్టుకుని పోయాడని ఏడవాలా? పైన తథాస్తు దేవతలు తిరుగుతూనే ఉంటారాయె!

"వేరే మాట పెట్టప్పా, మా ఆయన నిన్నట్నుంచి ఇల్లు చేరల్యా. ఔట్ అంటాలే."

"మన మాట ఉంటేనే గదా మేడమ్ కళ? పైవోళ్లకు ఈ పొద్దే పంపాల. ల్యాకుంటే వేరే గొంతు సూడమంటారు."

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. "ఒక్క మాటే గదమ్మా, అనేసెయ్" అన్నాడు సుబ్రహ్మణ్యం. అంత సులువైతే ఆయనే అనొచ్చుగా! స్వర్ణలత నోరు తెరిచింది. "పో" దగ్గరే ఆగి మళ్లీ మూసుకుంది. దేవుడా, ఈ పని పోతే పోనీ, ఆ మనిషిని మాత్రం కాపాడు అనుకుంది. అనుకుని, ఆ 'పోనీ'కి కూడా నాలుక కరుచుకుంది.

ఫోను మోగింది. తెలియని నంబరు. ఎత్తడానికి ఆమెకు చెయ్యి రాలేదు. సుబ్రహ్మణ్యమే ఎత్తి ఆమె చెవి దగ్గర పెట్టాడు.

"లతా, నేనే. కుప్పంలో ఉండా. టైరు పగిలింది, ఫోను సచ్చింది. టీ అంగట్లో ఫోనడుక్కోని చేస్తాండా."

"ఏం మాటప్పా అది! మంచి మాటే రాదా నీ నోట్లో?" అని అరిచింది. అరుస్తూనే భోరుమని ఏడ్చింది. "యాడన్నా రోంతసేపు పండుకోని రాప్పా. తొందరేం ల్యా."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకునేదాకా హరీష్ ఓపిక పట్టాడు. "అన్న దొరికినాడు గదా మేడమ్. ఇంక చెప్తారా?"

"ఇంకా ఇల్లు చేరల్యా. చేరనీ."

"ఎప్పటికి చేరతాడు?"

"మాపిటికి."

"అయితే మాపిటికి చెప్తారా?"

"మాపిటికి చేరతాడప్పా. తెల్లారితే మల్లా బండెక్కతాడు" అంది స్వర్ణలత. మైకును మెల్లగా పక్కకు జరిపింది. "నువ్వు వేరే గొంతే సూసుకో. డ్రైవరు పెండ్లాం కానిదాన్ని సూసుకో."