అక్క కోసం బిగించిన రూటర్

మా ఇంట్లోకి వైఫై వచ్చింది నా కోసం కాదు. నా కోసమని ఆ ఇంట్లోకి ఏదీ రాలేదు. వాషింగ్ మెషిన్ కూడా అమ్మ మంచం పట్టి, పక్క గుడ్డలు పెరిగాకే వచ్చింది. రూటర్ మా అక్క కోసం వచ్చింది. ఆపరేషన్ చేసి అక్క గొంతు తీసేస్తారని తెలిశాక, ఆ లోపల ఒక్కసారైనా అమ్మ ఆమె ముఖం చూస్తూ ఆమె మాట వినాలని వచ్చింది.

ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, తరువాత మా బావ ఆ ఏర్పాటంతా తన ఆలోచనే అన్నట్టు చుట్టాల దగ్గర చెప్పుకున్నాడు. ఆలోచన నాది. కొనుక్కొచ్చింది మా ఆయన. మేడ మీద నేల మీద కూర్చుని బిగించింది నేను.

మాది పోచంపల్లి దగ్గర నేత కుటుంబం. అమ్మకు మేమిద్దరం ఆడపిల్లలమే. అక్కను మంగళగిరిలో మగ్గాలున్న ఇంటికి, బయటి సంబంధమని ఘనంగా ఇచ్చారు. నన్ను అమ్మ సొంత తమ్ముడికే ఇచ్చారు. "మేనమామ ఇంటికి పోయేదానికి కొత్త పెట్టెందుకే, సంచి చాలదా?" అని నా పెళ్లిలో ఎవరో అంటే అమ్మ నవ్వింది. అన్నదెవరో మరిచిపోయాను గానీ ఆ నవ్వు మరిచిపోలేదు.

మా ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న చీరల దుకాణం పెట్టుకుని, మన్సూరాబాద్‌లో ఇల్లు కట్టాడు. నాన్న పోయాక అమ్మ మా దగ్గరికే వచ్చింది. అల్లుడి ఇంట్లో ఉండటం ఆమెకు నామోషీ. మా ఇంట్లో ఆమెకు అల్లుడు లేడు, తమ్ముడున్నాడు. ఎవరడిగినా తమ్ముడింట్లో ఉంటున్నానని చెప్పేది. ఆ ఇంట్లో కూతురు కూడా ఒకతి ఉందని ఎదుటివాళ్లే గుర్తు చేసుకోవాలి.

తుంటి ఎముక విరిగాక అమ్మ మంచం దిగలేదు. ఒళ్లు తుడవడం, తల దువ్వడం, రాత్రి పక్క మార్చడం అన్నీ నావే. అక్క వారానికోసారి ఫోన్ చేసేది. చెవి మందగించడంతో అమ్మకు ఫోన్లో గుయ్యిమనే చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. అయినా ఆ చప్పుడునే నవ్వుతూ వినేది. రోజంతా పక్కన ఉండి గట్టిగా మాట్లాడే నా మాటలకు మాత్రం "ఊ" అనేది.

అక్క గొంతు మంచి గొంతే. అది కాదనను. బతుకమ్మ దగ్గర పాట ఎత్తేది అక్క, అందుకునేది మేము. వాడకట్టంతా అక్క పాట మొదలుపెట్టేదాకా చప్పట్లు కొట్టకుండా ఆగేది. "పెద్దది పాడుతుంటే పువ్వులు గూడ కదుల్తయి" అనేది అమ్మ. చిన్నది పాడుతుంటే ఏమవుతుందో ఎప్పుడూ చెప్పలేదు.

ఆ గొంతులోనే గడ్డ వచ్చింది. గుంటూరు ఆసుపత్రిలో చేర్చారు. స్వరపేటిక తీసేస్తే మనిషి దక్కుతుంది, మాట దక్కదు అన్నారు.

అవి తెలంగాణ ఉద్యమం ముదిరిన రోజులు. బస్సుల వాళ్లు, బడుల వాళ్లు, బొగ్గు గనుల వాళ్లు అందరూ సమ్మెలో ఉన్నారు. ఎల్బీ నగర్ రింగ్ రోడ్డు దగ్గర విజయవాడ బస్సుల కోసం జనం నిలబడే చోటే పొయ్యిలు పెట్టి వంటలు చేసి తింటున్నారు, ఆడవాళ్లు రోడ్డు మధ్యన బతుకమ్మలు పెట్టి ఆడుతున్నారు. అమ్మను ఎట్లాగూ కదిలించలేము. నన్నైనా పంపమని మా ఆయనను అడిగితే, కారు కోసం మూడు చోట్ల తిరిగి వచ్చాడు. అంత దూరం వస్తానన్న వాడు దొరకలేదు.

బావకు ఫోన్ చేసి చెప్పాను.

"ఏం చేస్తామమ్మా, మీ వాళ్లు బస్సులాపేశారుగా" అన్నాడు.

"మా వాళ్లేంది బావా? ముప్పయ్యేండ్ల సంది మీ ఇంట్ల వండిపెడుతున్నది ఎవరోళ్లు?"

ఆయన నవ్వి, "మీ ఆయనకివ్వు ఫోను" అన్నాడు. నాతో మాట తేలనప్పుడల్లా మా ఆయనను అడగడం ఆయనకు అలవాటు.

అక్కకు ఏం చేయబోతున్నారో అమ్మకు మా ఆయనే పక్కన కూర్చుని చెవిలో చెప్పాడు. అమ్మ తమ్ముడి చెయ్యి పట్టుకుని, "దాని మొకం జూస్కుంట ఒక్కసారి మాట వింట తమ్మీ. తర్వాత ఎట్లయితే అట్లనే కానీ" అంది. నేను ఆమె కాళ్ల దగ్గరే నిలబడి ఉన్నాను.

మా అమ్మాయి పెళ్లయి పుణె వెళ్తూ పాత ల్యాప్‌టాప్ వదిలేసి పోయింది. దానికి కెమెరా ఉంది. ఇంటర్నెట్ వైరు మేడ మీది గదిలోకి వచ్చి అక్కడే ఆగిపోయింది. మెట్లు బయటివి, ఇరుకైనవి. అమ్మను పైకి మోయలేము, వైరు కిందికి రాదు. అమ్మాయికి ఫోన్ చేస్తే, రూటర్ కొని ఆ వైరుకు తగిలిస్తే కింద మంచం దగ్గర కూడా పని చేస్తుందని చెప్పింది.

మా ఆయన దిల్‌సుఖ్‌నగర్ పోయి, సగం షట్టర్ వేసుకున్న దుకాణంలోంచి రూటరూ, పెద్దగా వినపడే స్పీకర్లూ తెచ్చాడు. బిగించడానికి మనిషిని పంపమంటే ఇంటర్నెట్ వాళ్లు, "బంద్ ఉంది కదమ్మా, ఎల్లుండి చూస్తం" అన్నారు. ఆపరేషన్ అంతకన్నా ముందే ఉంది. నేనే పెడతానని బావకు చెప్పాను, అవతల వాళ్లు సిద్ధంగా ఉండాలి కదా.

"నీవల్ల అవుతుందా? ఎవరైనా చదువుకున్న కుర్రాణ్ణి పిలవండి" అన్నాడు.

నేను ఇంటర్ పాసయ్యాను. పెళ్లయ్యాక కూడా గడ్డిఅన్నారంలో ఒక స్కూలు ఆఫీసులో ఏండ్ల తరబడి గుమస్తాగా చేశాను. ఆయనకు తెలియక కాదు.

మధ్యాహ్నం వంట ముగించి మేడ మీదికి వెళ్లి కూర్చున్నాను. భుజానికీ చెవికీ మధ్య ఫోను, అవతల అమ్మాయి.

"అమ్మా, వైరు ఏ రంధ్రంల పెట్టినవ్?"

"పసుపు రంగుదాంట్ల."

"అందుకే వస్తలేదు. విడిగ నీలంది ఒకటుంటది చూడు."

"ఒకటి చాలక ఇన్ని రంధ్రాలెందుకు పెట్టిన్రో."

నీలం దాంట్లో పెట్టాను. ఎర్ర దీపం ఎర్రగానే ఉంది. స్విచ్ ఆపి తిరిగి వేశాను. మళ్లీ ఎర్రదే. డబ్బా వెనక సూది మొన పట్టేంత కన్నం ఉంటుంది, అందులో పిన్నుతో నొక్కి పట్టుకోమంది. చీర పిన్ను తీసి నొక్కాను. దీపాలన్నీ ఒక్కసారి ఆరి, ఒక్కొక్కటే పచ్చగా వెలిగాయి. తరువాత ల్యాప్‌టాప్‌లో అంకెలూ చుక్కలూ కొట్టించి ఏదో పేజీ తెరిపించింది.

"ఇగ పాస్‌వర్డ్ పెట్టు. నీకు గుర్తుండేది."

"నాకన్నీ గుర్తుంటయి."

"అదే కదా నీతోని పరేషాన్" అంది.

కన్న కూతురు. అది కూడా గుర్తుంది.

మా ఆయన దేవుడి గదిలోంచి పసుపూ కుంకుమా తెచ్చి, కొత్త వస్తువు కదా అని డబ్బాకు బొట్టు పెట్టబోతే, "గాలి ఆడే కన్నాలు అవి, మూస్తవా?" అని కసిరాను. ఆయన ఆ బొట్టు స్విచ్ బోర్డుకు పెట్టి వెళ్లాడు.

ల్యాప్‌టాప్ కిందికి తెచ్చి అమ్మ మంచం మీద పీట వేసి పెట్టాను. స్పీకర్లు అమ్మ చెవి పక్కన. అమ్మకు మొహం కడిగి, బొట్టు పెట్టి, తల దువ్వాను. "మంచి చీర కట్టు" అంటే అదీ కట్టాను. మేడ మీది డబ్బా నుంచి గోడలు దాటి కింది దాకా అందుతుందో లేదోనని తెర వైపే చూస్తూ కూర్చున్నాను. అందింది. తెర మీద ఆసుపత్రి గోడ కనపడింది, దాని ముందు అక్క. బక్కచిక్కి ఉంది, చేతికి సెలైన్ సూది. ఆ చేత్తో బరువు పట్టుకోలేదు కాబట్టి అవతలి ల్యాప్‌టాప్‌ను బావ పట్టుకుని, అక్క పక్కనే మంచం మీద ఒరిగి కూర్చున్నాడు.

"అమ్మా, తిన్నావా?" అంది అక్క. గొంతు బొంగురుగా, చాలా చిన్నగా వచ్చింది. అయినా అక్క గొంతే.

అమ్మ చటుక్కున కొంగు లాక్కుని ముఖం నిండా కప్పుకుంది.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అంతలో కొంగు లోపలి నుంచే, "ఆయన ఉన్నడు. జర పక్కకు పొమ్మను" అంది.

మా ఇళ్లల్లో అత్త అల్లుడి ఎదుట పడదు, ముఖాముఖి మాట్లాడదు. మా ఆయన తమ్ముడే గనుక మా ఇంట్లో ఆ పట్టింపే రాలేదు, అందుకే అది నా తలకు తట్టలేదు. రూటర్ గురించి అన్నీ ఆలోచించాను, ఇదొక్కటి ఆలోచించలేదు.

"బావా, నువ్వు జర పక్కకు జరుగు. అమ్మ కొంగు తీస్తలేదు."

"కంప్యూటర్‌లో కూడానా? ఇదేం చాదస్తం" అని నవ్వి, ఇంకా ముందుకు వంగాడు. "అత్తయ్యగారూ, నేనేనండీ. బాగున్నారా?"

తెరంతా ఆయన ముఖమే. అమ్మ ముఖం గోడ వైపు తిప్పుకుంది.

"బావా, నీకు దండం బెడ్త, పక్కకు పో."

ఆయన తెర వెనక్కి జరిగాడు. అమ్మ కొంగు సందులోంచి చూసి, "చెయ్యి కనవడుతుంది" అంది. నిజమే, తెర అంచున ఆయన బొటనవేలు, ఉంగరం కనపడుతున్నాయి. ల్యాప్‌టాప్‌ను ఎక్కడైనా పెట్టమన్నాను. చిరాగ్గా ఏదో గొణుగుతూ, మందుల బల్ల లాగి దాని మీద పెట్టాడు. ఈ గొడవంతా జరుగుతున్నంత సేపూ అక్క ఏమీ మాట్లాడలేదు. ఉన్న కాస్త గొంతునూ దాచుకుంటోందని నాకు తరువాత తెలిసింది.

"పోయిండమ్మా, ఎవ్వరు లేరు. చూడు" అన్నాను.

అమ్మ మెల్లగా కొంగు తీసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అక్క ముందుకు వంగి, "అమ్మా, చెల్లి నిన్ను..." అంది.

అక్కడ ఆగిపోయింది. నోరు తెరిచిన ముఖం తెర మీద కాసేపు అట్లాగే ఉండి, తరువాత అదీ పోయింది. ల్యాప్‌టాప్ వెలుగుతోంది. తల మీద ఫ్యాను తిరుగుతోంది. అమ్మ నా వైపు చూసి, "ఏమైంది? అక్కను పిలువు" అంది. నేను మేడ మీదికి పరుగెత్తాను. డబ్బా మీద ఒక్క దీపం కూడా లేదు.

కరెంటు పోయింది. బొగ్గు రాక అప్పుడు వేళాపాళా లేకుండా పోయేది. కింద ఫ్యానుకూ లైటుకూ ఇన్వర్టర్ ఉంది, ల్యాప్‌టాప్‌కు దాని బ్యాటరీ ఉంది. మేడ మీది ప్లగ్గుకు ఏమీ లేదు. కరెంటు వచ్చేసరికి చీకటి పడింది. ఆసుపత్రిలో ఇక కుదరదన్నారు. పేషెంటును మాట్లాడించొద్దని నర్సు చెప్పిందట. మరునాడు పొద్దున అక్కను లోపలికి తీసుకుపోయారు. అదే పొద్దున మా ఆయన ఎలక్ట్రీషియన్‌ను పట్టుకొచ్చి ఇన్వర్టర్ నుంచి మేడ మీదికి వైరు లాగించాడు. గోడకు మేకులు కొడుతున్న చప్పుడు వింటూ నేను అమ్మకు జావ తాగించాను.

"చెయ్యి తీయనీకి గంత సేపా" అంది అమ్మ. అంతకన్నా ఏమీ అనలేదు. నేనైతే చాలా అన్నాను, బావను, కరెంటోళ్లను, మనిషిని పంపని ఇంటర్నెట్ వాళ్లను. మా ఆయన విని విని, "ఎంతమందిని తిడుతవే" అన్నాడు. అందరినీ తిట్టినా ఒక్క అమ్మ సిగ్గును తిట్టలేకపోయాను.

అక్క బతికింది. కొన్ని వారాలకు తెర మీద కనపడింది, మెడలో గొట్టం, దాని మీద తెల్ల గుడ్డ. బావ గదిలోకే రావడం లేదు. కరెంటు పోయినా మేడ మీద పచ్చ దీపాలు ఆరడం లేదు. అక్క ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి పంపేది. అమ్మకు చదువు రాదు. చదివి వినిపించేదాన్ని నేను. ఆ రోజు "చెల్లి నిన్ను" అని ఏం చెప్పబోయావని నేను అడిగాను. "గుర్తు లేదే" అని కొట్టింది. నమ్మాలో వద్దో నాకిప్పటికీ తెలియదు.

ఒక సాయంత్రం అక్క కొట్టింది చదివాను. "అమ్మా, సన్నబడ్డావు. చెల్లి వేళకు పెడుతోందా? విసుక్కోవడం లేదు కదా?" ఒక్క మాట కూడా మింగకుండా చదివాను. మింగితే అక్కకు తెలియదు, అమ్మకు తెలియదు. అయినా చదివాను.

అమ్మ తెర వైపే చూస్తూ, "పెడుతది. విసుక్కుంటది గూడ" అని జవాబు చెప్పింది. ఆ తరువాత నా వైపు తిరిగింది. "గట్ల గబగబ చదువకు. అక్క గట్ల మాట్లాడదు. 'అమ్మా' అన్నంక జర ఆగుతది. సాగదీసి అంటది. మళ్ల చెప్పు."

నాకు ఒళ్లు మండింది. లేచి పోదామనుకున్నాను. తెర మీద అక్క ఏమీ కొట్టకుండా నన్నే చూస్తోంది.

"అమ్మా" అన్నాను. ఆగాను. సాగదీసి, నెమ్మదిగా, మొదటి నుంచి మళ్లీ చెప్పాను.

అమ్మ కళ్లు మూసుకుని వింది. నేను చెప్పడం అయిపోయాక కూడా తెరవలేదు. తెర మీద అక్క, అమ్మ ఎప్పుడు కళ్లు తెరుస్తుందా అని చూస్తూ కూర్చుంది.